సున్నా చెప్పిన అబద్ధం

మూడో నిమిషానికే ఆయాసం. ఐదో నిమిషానికి చెమటలు. మాస్టారు గబుక్కున స్టాప్ బటన్ నొక్కి కడ్డీలు పట్టుకుని నిలబడిపోయారు. గుండెకు స్టెంటు వేసి నాలుగు నెలలైంది. పాత ఇంట్లో ఇదే ట్రెడ్‌మిల్ మీద, గంటకు ఇదే 4 కిలోమీటర్ల వేగంతో రోజూ ఇరవై నిమిషాలు హాయిగా నడిచేవారు. గుంటూరు బ్రాడీపేటలోని ఆ ఇల్లు ఖాళీ చేసి మూడో అంతస్తు ఫ్లాటుకు మారి వారం కూడా కాలేదు. ఇంతలోనే ఏమైంది?

తెర మీద వేగం 4. వాలు 0. మిషన్ మారలేదు, వేగం మారలేదు. ఇక మారింది గుండే అయ్యుండాలి...

మర్నాడు డాక్టరు ఈసీజీ, ఎకో తీయించి అంతా బాగానే ఉందన్నారు. మాస్టారికి మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ రాత్రి పాసుపుస్తకాలు, ఎల్ఐసీ బాండ్లు ఒక సంచిలో సర్ది, ‘ఇవి బీరువాలో పై అరలో ఉన్నాయి, గుర్తుపెట్టుకో’ అన్నారు భార్యతో. ‘ఇప్పుడెందుకండీ ఇవన్నీ?’ అని ఆవిడ అడిగితే జవాబు లేదు.

గుట్టు విప్పింది ఆరేళ్ల మనవరాలు. ఆగి ఉన్న ట్రెడ్‌మిల్ మీద బంతి పెట్టింది. అది గిర్రున వెనక్కి దొర్లింది. మళ్లీ పెట్టింది. మళ్లీ దొర్లింది. ‘తాతయ్యా, ఇది జారుడుబల్లలా ఉంది!’

తెర మీద వాలు సున్నానే!

ట్రెడ్‌మిల్ ముందు భాగం కింద ఒక చిన్న మోటారు ఉంటుంది. అది పొడవాటి మరకడ్డీని తిప్పుతుంది. కడ్డీ ఒకవైపు తిరిగితే బల్ల లేస్తుంది, రెండోవైపు తిరిగితే దిగుతుంది. ఎంత లేచిందో మిషన్‌కు తెలిసేదెలా? చాలా మిషన్లలో మోటారుకు పాత రేడియో వాల్యూమ్ బిరడాలాంటి భాగం ఒకటి పళ్లచక్రంతో కలిపి ఉంటుంది. మోటారుతో పాటు అదీ తిరుగుతుంది, దాని నుంచి వచ్చే వోల్టేజీ మారుతుంది. ఆ వోల్టేజీని బట్టి ‘ఇది 2 శాతం, ఇది 5 శాతం’ అని బోర్డు లెక్క కడుతుంది. మోటారును తిరగమన్నా ఆ రీడింగు కదలకపోతే తప్పు జరిగిందని గుర్తించి ఆపేస్తుంది.

అంటే అది కొలిచేది బల్ల ఎత్తును కాదు, మోటారు తిరిగిన చుట్లను!

మెకానిక్ వచ్చి చూశాడు. ‘మెట్ల మలుపులో పట్టదని విప్పారా మాస్టారూ?’ అని అడిగాడు. విప్పారు. సామాను దించినవాళ్లు మళ్లీ బిగించేటప్పుడు రంధ్రాలు కలవక మరగొట్టాన్ని చేత్తో తిప్పారు. గొట్టం పొడవు పెరిగింది. మోటారు తిరగలేదు కనుక సెన్సారుకు ఆ సంగతి తెలియదు. అది తన లెక్కలో సున్నా దగ్గరే ఉంది. రీడింగులో తేడా రాలేదు కాబట్టి మిషనూ మొరాయించలేదు.

అతను మీటరు పొడవు రసమట్టం తెచ్చి బల్ల మీద పెట్టాడు. బుడగ మధ్యకు వచ్చేదాకా ఒక కొస లేపి, కింద సందు కొలిచాడు. 5 సెంటీమీటర్లు. అంటే 5 శాతం వాలు! చూడ్డానికి ఇంతే. కానీ గంటకు 4 కిలోమీటర్ల నడకలో ఆ మాత్రం ఎక్కుడుకు ఒంటికి కావలసిన ఆక్సిజన్ దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. సియాటిల్‌కు చెందిన డాక్టర్ రాబర్ట్ బ్రూస్ 1960ల్లో రూపొందించిన టీఎంటీ పద్ధతిలో ప్రతి మూడు నిమిషాలకూ వేగంతో పాటు వాలు కూడా పెంచేది ఇందుకే. 10 శాతంతో మొదలై 12, 14... గుండె సత్తాను తేల్చే పరీక్షలో సగం పని ఎత్తుదే.

మెకానిక్ గొట్టాన్ని సరైన పొడవుకు తిప్పి బిగించాడు. తర్వాత కాలిబ్రేషన్ నడిపాడు. బల్ల పూర్తిగా పైకి లేచి, పూర్తిగా కిందికి దిగి, రెండు కొసల్నీ కొత్తగా గుర్తుపెట్టుకుంది. ఈసారి రసమట్టంలో బుడగ మధ్యలో నిలిచింది.

ఆ సాయంత్రం మాస్టారు ఇరవై నిమిషాలూ నడిచారు. దిగాక బీరువాలోంచి సంచి తీసి, పాసుపుస్తకాలను మళ్లీ పాత సొరుగులో పెట్టేశారు. భార్య చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఇప్పుడాయన మిషన్ ఎక్కేముందు తెర వైపు చూడరు. మనవరాలి బంతి బల్ల మీద పెడతారు. అది కదలకపోతేనే నడక.