వైద్యునితో దాపరికం

దుర్గిలోని మదరసాలో ఏటా మేము వ్యాపార నియమాల అధ్యాయం బోధిస్తాము. సరుకులోని లోపాన్ని కొనేవారికి చెప్పి తీరాలన్నది అందులో ముఖ్యమైన పాఠం. ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, తడిసిన గింజలను అడుగున ఉంచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సఅసం) మందలించిన సంఘటన మా పిల్లలందరికీ తెలుసు. ఆ పాఠం మాకెంత వంటబట్టిందో గత చలికాలంలో తేలింది.

మలంలో రక్తం కనిపిస్తున్నా, మొలలేనని సర్ది చెప్పుకొని నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. సిగ్గే కారణం. చివరకు పెద్దబ్బాయి గుంటూరు తీసుకువెళ్ళాడు. వైద్యులు కొలనోస్కోపీ చేయాలన్నారు. కెమెరా అమర్చిన సన్నని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దప్రేగును చూసే పరీక్ష అది.

అంగీకార పత్రం ఇచ్చే ముందు ఆయన నష్టాలన్నీ వివరించారు. ప్రేగును శుభ్రపరిచే మందుతో విరేచనాలై ఒంట్లో నీరు, లవణాలు తగ్గి కళ్ళు తిరగవచ్చు. మత్తుమందు వల్ల శ్వాస మందగించవచ్చు, రక్తపోటు పడిపోవచ్చు. లోపలికి పంపే గాలితో కడుపు ఉబ్బవచ్చు. ప్రేగు గోడపై పులిపిరిలా పెరిగే పాలిప్‌ను కత్తిరిస్తే రక్తస్రావం కావచ్చు, అది ఒక్కోసారి రెండు వారాల తర్వాత కూడా రావచ్చు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ప్రేగుకు రంధ్రం పడటం. వెయ్యి మందిలో ఒకరికి మించి జరగదు గాని, జరిగితే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

వింటుంటే భయం కలిగింది, గౌరవమూ కలిగింది. ఆయన తడి గింజలను పైకి తీసి చూపించారు.

“ఏ మందులు వాడుతున్నారు?” అని అడిగారు. “షుగరు మాత్రలు” అన్నాము. మూడేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా వాడుతున్న మాత్ర సంగతి చెప్పలేదు. చెబితే వాయిదా పడుతుందని, మళ్ళీ ఇంత దూరం రావాలని మా ఆలోచన. సంతకానికి కలం తీశాము. అప్పుడు మా శ్రీమతి మెల్లగా, “గుండె మాత్ర సంగతి చెప్పలేదేమండీ?” అన్నారు. వైద్యులు పత్రం వెనక్కి తీసుకున్నారు. ఆ మాత్ర ప్రభావంలో పాలిప్ కత్తిరిస్తే రక్తం ఆగడం కష్టమన్నారు. సొంతంగా మాత్ర మానేసినా గుండెకు ముప్పేనన్నారు.

గుండె వైద్యుణ్ణి సంప్రదించి, ఆయన చెప్పినన్ని రోజులే మాత్ర ఆపాము. విరేచనాల మందు తాగి బస్సెక్కలేము కనుక ముందురోజే గుంటూరులో బంధువుల ఇంటికి చేరాము. పరీక్షలో రెండు పాలిప్‌లు తీశారు. వాటిలో క్యాన్సర్ లేదని తేలింది, అల్‌హమ్దులిల్లాహ్. మత్తు పూర్తిగా దిగాక కొత్తగా వుజూ చేసి, తప్పిపోయిన జుహర్ నమాజును ఖజా చేసుకున్నాము.

పాఠకులారా! ఈ పరీక్ష తర్వాత తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, ఆగని రక్తం ఉంటే సిగ్గుపడక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఈ ఏడాది ఆ అధ్యాయం చెబుతూ మా కథ కూడా వినిపించాము. “ఉస్తాద్, ఆ వర్తకుడు దాచింది తన సరుకు. మరి మీరు దాచింది?” అన్నాడొక పిల్లవాడు.

“అల్లాహ్ మాకప్పగించిన అమానత్, బేటా” అన్నాము.