బుడుగు చెవి

ముళ్లపూడి వెంకటరమణ అనగానే ఆయన సృష్టించిన పిల్లాడు బుడుగు గుర్తొస్తాడు, ఆ వెంటనే సినిమాలు. టెలివిజన్‌కి ఆయన చేసిన పని మాత్రం వ్యాసాల్లో ఒక్క వాక్యంతో సరిపోతుంది. నాకది అన్యాయంగా కనిపిస్తుంది. 1956లో, పాతికేళ్ల వయసులో ఆంధ్రపత్రిక వీక్లీలో బుడుగుని మొదలుపెట్టిన మనిషి, 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం కోరితే చిత్రకారుడు, దర్శకుడు బాపుతో కలిసి బడిపిల్లలకు వీడియో పాఠాలు చేశారు. ఆ తర్వాత ఈటీవీకి భాగవతం. మూడింటికీ పెట్టుబడి ఒకటే: పిల్లల చెవి. వాక్యం పొట్టిగా ఉండాలి, నోటితో పలికేలా ఉండాలి, మధ్యలో పెద్దవాడు దూరి నీతి చెప్పకూడదు. టీవీ రచనకి కావలసిందీ ఇదే.

బుడుగు అసలు పిల్లల పుస్తకమే కాదు, పెద్దలు నవ్వుకోవడానికి రాసిందని కొందరంటారు. అచ్చయింది పెద్దల పత్రికలోనే, ఒప్పుకుంటాను. కానీ అందులో లోకాన్ని చూసేది పిల్లాడు; పెద్దల తర్కం అతని ముందు నిలబడదు. బుడుగు స్నేహితురాలు సీగాన పెసూనాంబని పిల్లలు ఎవరూ విడమరచి చెప్పకుండానే పట్టుకుంటారు. తెర మీద ఘనత బాపుదే కదా అన్నది ఇంకో మాట. బాపు మీద మనకి మమకారం సహజం. అయినా బొమ్మ ఎంత బాగున్నా, పాఠంలో మాట బరువైతే పిల్లాడు కిటికీ వైపు చూస్తాడు.

ఆ వీడియో పాఠాల టేపులు ఏ బడి బీరువాలోనైనా మిగిలి ఉంటే, దయచేసి పారేయకండి. కాపీ తీయించి అందరికీ అందేలా పెట్టండి.