ఎన్ని కాన్పులు, ఎంతమంది నిలిచారు?

కోవెంట్రీ పేరు చెబితే అందరికీ 1940 నవంబరు 14 రాత్రే గుర్తొస్తుంది. ఆ ఒక్క రాత్రి జర్మన్ బాంబులకు 500 మందికి పైగా చనిపోయారు. పాత కెథెడ్రల్ తగలబడి గోడలు మిగిలాయి. డెబ్భైల చివర్లో నేను ఆ ఊళ్లో వృద్ధుల వార్డులో పనిచేశాను. (మన దేశం నుంచి వెళ్లిన డాక్టర్లకి ఆ రోజుల్లో తేలిగ్గా దొరికే ఉద్యోగాలవే. తెల్ల డాక్టర్లు వాటికి పెద్దగా పోటీ పడేవారు కాదు.) ఆ రాత్రి గురించి పేషెంట్లు అడక్కుండానే చెప్పేవారు. పోయిన పసిబిడ్డల సంగతి మాత్రం అడిగితే గానీ బయటికి వచ్చేది కాదు.

అడగడం నాకు గుంటూరులో అబ్బిన అలవాటు. మన దగ్గర ఆడవాళ్లు ఎవరు చూపించుకోవడానికి వచ్చినా రెండు ప్రశ్నలు వేస్తాం: ఎన్ని కాన్పులు, ఎంతమంది నిలిచారు? గుండెజబ్బుతో చేరిన ఒకావిడని పిల్లలెంతమందని అడిగితే ముగ్గురంది. కాన్పులెన్నని మళ్లీ అడిగాను. కాసేపు దుప్పటి సర్దుకుని, నాలుగు అంది. రెండోవాడు 1941 ఫిబ్రవరిలో, ఐదో నెల నడుస్తుండగా, కోరింత దగ్గు న్యుమోనియాలోకి దిగి పోయాడట. "బాంబు పడి కాదు డాక్టర్, మామూలుగానే పోయాడు" అంది.

ఆ మామూలు చావులు ఎన్నో చూడండి. 1939లో ఇంగ్లండ్, వేల్స్‌లలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయినవాళ్లు 51 మంది. 1940లో 57, మరుసటేడు 60. 1941లో పుట్టినవాళ్లు దాదాపు 5,80,000 మంది. అంటే ఆ ఒక్క ఏడాదే 35,000 మంది దాకా పసిపిల్లలు పోయారన్నమాట. యుద్ధం జరిగినన్నాళ్లూ బ్రిటన్ మొత్తమ్మీద బాంబులకి బలైన పౌరులే 60,000 చిల్లర.

ఆ పిల్లల్ని చంపినవి ఏ డాక్టరుకైనా తెలిసిన రోగాలే. చలి విపరీతం, బొగ్గు కరువు. పెరట్లో గొయ్యి తవ్వి దింపిన రేకు షెల్టరులో నీళ్లు ఊరేవి. వీధి షెల్టరులో రాత్రంతా పదిళ్లవాళ్లు ఒక్కచోట; ఒకరికి దగ్గొస్తే తెల్లారేసరికి అందరికీ. ఊళ్లు ఖాళీ చేయించి పిల్లల్ని పల్లెలకి పంపితే వాళ్లతోపాటు తట్టూ, కోరింత దగ్గూ వెళ్లాయి. అందరూ భయపడిన టైఫాయిడ్ మాత్రం రాలేదు. గొట్టాలు పగిలిన కోవెంట్రీలో నీళ్లు కాచుకు తాగమన్నారు, క్లోరిన్ కలిపారు, టీకాలు వేశారు. అధికారులు దేనికి భయపడితే దానికి సిద్ధపడ్డారు. పసివాళ్ల దగ్గుకి ఎవరూ భయపడలేదు.

మొత్తం మరణాల రేటు చూసి మాత్రం ఏమీ తేల్చకూడదు. వయసులో ఉన్న మగవాళ్లు సైన్యానికి పోయి పౌరుల లెక్కలోంచి తప్పుకున్నారు. మిగిలినవాళ్లలో ముసలివాళ్ల పాలు పెరిగింది. ఒక్క చావు ఎక్కువ కాకపోయినా రేటు పెరుగుతుంది. పసిపిల్లల రేటుకి ఆ చిక్కు లేదు.

1942లో అది మళ్లీ 51కి వచ్చింది. 1944లో, లండన్ మీద పైలట్ లేని బాంబులు పడుతున్న ఏడు, 45 దగ్గరికి దిగింది. ఆ దేశంలో అంతకుముందు ఎన్నడూ అంత తక్కువ లేదు. మా వృత్తివాళ్లం ఇలాంటి ఘనత వెంటనే మందులకి కట్టబెడతాం. బాలింతల విషయంలో అది కొంత నిజమే. సల్ఫా మందులు వచ్చాక కాన్పు జ్వరం తగ్గింది. ముప్పైల నడిమిలో వెయ్యి కాన్పులకి నలుగురికి పైగా తల్లులు పోతుంటే 1945కి ఇద్దరికి లోపే. కానీ నన్ను ఆపే అంకె ఇంకొకటి: చచ్చి పుట్టే బిడ్డలు 1939లో వెయ్యి కాన్పులకి 38, 1944లో 28. కడుపులో బిడ్డని కాపాడే మందు అప్పుడు మా చేతిలో ఏముంది? 1940 జూలై నుంచి గర్భిణులకీ, ఐదేళ్లలోపు పిల్లలకీ రోజుకి అరలీటరు పైచిలుకు పాలు సగం ధరకి ఇచ్చారు, లేనివాళ్లకి ఉచితంగా. రేషన్ వల్ల ఉన్నవాడికీ లేనివాడికీ వెన్న ఒకే తూకం. నేనైతే ఎక్కువ మార్కులు ఈ తిండి ఏర్పాట్లకే వేస్తాను.

టీకా మాట వేరు. మా వార్డు పోర్టరుకి గొంతు కింద నిలువుగా అంగుళం మచ్చ ఉండేది. థైరాయిడ్ ఆపరేషనా అని ఒక కుర్ర డాక్టరు నన్ను అడిగాడు. డిఫ్తీరియాలో ఊపిరాడక గొంతు కోసి గొట్టం పెట్టిన మచ్చ అది. ఆ కుర్రాడు జబ్బునే చూడలేదు. గుంటూరులో అలాంటి గొట్టాలు పెడుతుంటే నేను పక్కన నిలబడ్డాను. 1940లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 46,000 పైగా కేసులు, 2,480 మరణాలు. ఆ చలికాలంలోనే ఊరూరా ఉచిత టీకా మొదలుపెట్టారు. పదేళ్లకి, 1950లో, మరణాలు 49.

ఇదంతా విని యుద్ధమే మేలు చేసిందనేవాళ్లు ఉన్నారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ పాలు 1930లోనూ ఇవ్వొచ్చు, ఇవ్వలేదు. రిచర్డ్ టిట్మస్ అనే పరిశోధకుడు 1943లోనే పుస్తకం రాసి చూపించాడు: పసిపిల్లల మరణాలు అన్ని వర్గాల్లోనూ తగ్గుతూ వచ్చినా, పేదింటి బిడ్డకీ డబ్బున్నింటి బిడ్డకీ మధ్య అంతరం తగ్గలేదని.

పాలతోపాటు కాడ్ లివర్ ఆయిలూ, నారింజ రసమూ ఇచ్చేవారు. నారింజ రసం పిల్లలు ఇష్టంగా తాగేవారు. ఆ నూనె వాసనకి తల్లులే తీసుకెళ్లేవారు కాదు. మా వార్డులోనే ఇంకొకావిడ, మాటకారి, ఆ సీసాలు తెచ్చి పెరట్లో కోళ్ల దాణాలో కలిపేదట. "గుడ్లు పిల్లలే తిన్నారుగా!" అనేది. ప్రభుత్వం 1971లో ఏడేళ్లు దాటిన పిల్లలకి బడిలో పాలు ఆపేసిందని ఆవిడకి అప్పటికీ కోపం. మరి నూనె మాటేమిటని నర్సు అడిగితే, అది వేరు, పాలు వేరు అని దబాయించి, టీలో ఇంకాస్త పాలు పొయ్యమనేది.