జబల్ జైస్ మీద గ్యాస్ మండని రాత్రి

ఖతార్ గ్యాస్ రేవు రాస్ లఫాన్‌లో ఉద్యోగం చేసేవాళ్ళకి కొండ కంటికి కనపడదు. ఖతార్ మొత్తానికి ఎత్తయిన చోటు దక్షిణాన ఉన్న ఖురైన్ అబూ అల్ బౌల్. దాని ఎత్తు 103 మీటర్లు. ఇంద్రకీలాద్రి మెట్లెక్కి పెరిగినవాణ్ణి, నాకు అదో లెక్కా! అందుకే షార్జా నుంచి బావ ఫోన్ చేసి, "మోటార్‌హోమ్ అద్దెకి తీసుకున్నానోయ్, జబల్ జైస్ కొండకి పోదాం రండి" అనగానే, 2017 ఫిబ్రవరి మొదటి గురువారం డ్యూటీ దిగి మా ఆవిడతో బయల్దేరాను. అబూ సమ్రా సరిహద్దు దాటి, ట్రాన్సిట్ వీసా మీద కాస్త సౌదీ ఇసుక చూసి, గువైఫాత్‌లో ఎమిరేట్స్‌లోకి దిగాం. ఆ దారిలో షమాల్ గాలి తప్ప చెప్పుకోడానికేం లేదు.

మోటార్‌హోమ్ మన సినిమావాళ్ళ కారవాన్‌కి చిన్న తమ్ముడు. ఓ వంటగట్టు, నాలుగు పడకలు, మనిషి తిరగలేని బాత్‌రూము. ఎత్తు ఎక్కువ కావడంతో గాలికి పక్కకి ఒరుగుతుంది. ఘాట్ మలుపుల్లో బావ రెండో గేరు దాటలేదు. అక్క వెనక కూచుని పులిహోర డబ్బా జారిపోకుండా కాళ్ళతో అదిమి పట్టుకుంది.

ఆ శుక్రవారమే జైస్ కొనల్లో మైనస్ 2.2 డిగ్రీలకి దిగి మంచు కురిసింది. 2009లోనూ అలా కురిసిందట. మాకు మాత్రం మంచు దక్కలేదు. 1,900 మీటర్లు దాటిన ఆ శిఖరం దాకా బండ్లు పోయే రోడ్డు లేదు. ఆగిన చోట సన్నజల్లు, కళ్ళు తెరవనివ్వని గాలి. నలుగురికీ కలిపి రగ్గులు రెండే. గల్ఫ్‌లో కాపురం చేస్తూ రగ్గులెవరు కొంటారు?

రాత్రి అక్క టీ పెట్టబోతే స్టవ్ మంట కాసేపు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. సిలిండర్ ఊపితే లోపల నిండుగానే ఉంది.

"లోకానికంతా గ్యాస్ పంపిస్తున్నామంటావు, అక్కకి గ్లాసుడు టీకి దిక్కులేదట్రా!" అంది అక్క.

సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. బ్యూటేన్ సున్నాకి అర డిగ్రీ కిందకి పోతే చాలు, ద్రవంగానే ఉండిపోతుంది. వేడి దేశాల సిలిండర్లలో బ్యూటేన్ పాలు ఎక్కువ. పైగా ఆవిరయ్యేకొద్దీ సిలిండర్ తనంతట తానే ఇంకా చల్లబడుతుంది. మా దగ్గర సహజవాయువుని మైనస్ 162 దాకా చల్లార్చి ద్రవంగా ఓడలకెక్కిస్తాం. 1996 డిసెంబరులో జపాన్‌కి కదిలిన మొదటి ఓడ నుంచీ రాస్ లఫాన్ బతికేది ఆ చలి మీదే. ఇదంతా అక్కకి చెప్పాను. టీ ఏదంది.

జనరేటర్ వేసి, కెటిల్‌లో నీళ్ళు గోరువెచ్చగా చేసి, టబ్బులో పోసి సిలిండర్‌ని అందులో నిలబెట్టాం. "ఆ కెటిల్‌లోనే టీ కాచుకోవచ్చుగా" అంది మా ఆవిడ. ఇంజనీర్లం ఇద్దరం వినిపించుకోలేదు. మంట లేచింది.

తెల్లారాక కొండ కనపడింది. పచ్చదనం దాదాపు లేదు, పొరలు పొరలుగా బూడిదరంగు సున్నపురాయి. దిగేటప్పుడు పక్కనున్న వాదీ బిహ్ వైపు బండి తిప్పించాను. అక్కడ బయటపడ్డ డోలమైట్, సున్నపురాయి పొరల వయసు పాతిక కోట్ల ఏళ్ళ పైమాటే. మా రాస్ లఫాన్‌కి గ్యాస్ ఇచ్చే నార్త్ ఫీల్డ్‌లో ఆ గ్యాస్ నిలవున్న ఖుఫ్ రాతి పొరలదీ అదే వయసు. అక్కడవి సముద్రం అడుగున కిలోమీటర్ల లోతులో ఉంటే, ఇక్కడ భూమి నలిగి పైకి తేలాయి. అడుగున ఉన్నదెలా ఉంటుందో తెలుసుకోడానికి చమురు రంగపు భూగర్భ శాస్త్రవేత్తలు ఈ లోయకొచ్చి రాళ్ళు కొట్టి చూస్తారు. ఇన్నేళ్ళూ గొట్టాలూ గేజీలూ చూశాను గానీ అలాంటి రాయి మీద చెయ్యి వెయ్యడం నాకదే మొదలు. చాలా సేపు నిలబడ్డాను. "రాళ్ళు చూడ్డానికటోయ్ ఇంత దూరం వచ్చింది!" అని బావ హారన్ కొట్టాడు.

ఆదివారం తెల్లవారుజామున అబూ సమ్రా చేరేసరికి పాస్‌పోర్టు పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోయాయి. ఫిబ్రవరి 5, ఆ రోజు అక్కడ నమోదైంది 1.5 డిగ్రీలు. ఖతార్ రికార్డుల్లో అంతకు తక్కువ అప్పటిదాకా లేదు. తిన్నగా డ్యూటీకి పోయాను.

వచ్చే చలికాలం రగ్గులతో సహా మళ్ళీ పోదామని బావతో అనుకున్నాం. ఆ ఏడే జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్ ఖతార్‌తో సంబంధాలు తెంచుకోవడంతో అబూ సమ్రా సరిహద్దు మూసేశారు. మాలాంటివాళ్ళకి 2021 జనవరి దాకా తెరవలేదు. ఈలోగా అక్కావాళ్ళింటికి పోవాలంటే మస్కట్‌లో విమానం మారాల్సి వచ్చేది.