చిన్న విద్యాపట్టణమున మా నివాసము

మహానగరమున నివసించు నుపాధ్యాయుడు బడి గంట మ్రోగినతోడనే జనసమూహములో మరుగుపడిపోవును. చిన్న పట్టణమున నట్లు గాదు. మేము హిందూపురమునకు వచ్చి యిరువది సంవత్సరములు దాటినది. శిక్షణ కళాశాలలో మాకు బోధనాపద్ధతులన్నియు నేర్పిరి గాని, శిష్యుల కన్నులయెదుట నిత్యము బ్రతుకుట యెట్లో నేర్పలేదు. బజారులో కిలో టమాటాలకు బేరమాడుచుందుము. వెనుకనుండి "నమస్కారం సార్" అని వినబడును. బేరమంతటితో సరి. అడిగిన ధర యిచ్చి, సంచి చేతబట్టి, గంభీరముగా నడచిపోవలసినదే.

ఈ యూరిని గుత్తి నేలిన మహారాష్ట్ర నాయకుడు మురారిరావు తన తండ్రి హిందూరావు పేర నిలిపెనని చెప్పుదురు. 2011 జనాభా లెక్కల నాటికి ఇచట లక్షన్నరకు పైగా జనులుండిరి. అనంతపురము జిల్లాలో నుండిన యీ పట్టణము 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. బెల్లము, చింతపండు, పట్టుగూళ్లు ఇచటి వర్తకమునకు ప్రాణము. కర్ణాటకపు సరిహద్దు చేరువనే యుండుటచే తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒక్క అంగడిలోనే వినవచ్చును.

వర్తకము వర్తకమే గాని, ఈ యూరి ఋతువులు మాత్రము చదువును బట్టి మారును. జూన్ మాసము వచ్చినదా, పరిగి, లేపాక్షి, చిలమత్తూరు, మడకశిర వైపులనుండి బస్సులు పిల్లలతో క్రిక్కిరిసి వచ్చును, అద్దెగదులు దొరకవు, పుస్తకముల అంగళ్లయొద్ద తండ్రులు చీటీలు పట్టుకొని నిలుతురు. మే మాసమున వీథులు బోసిపోవును. "పిల్లోళ్లు లేకుంటే ఊరు ఊరి మాదిరి లేదు సార్" అని కాఫీ హోటలు యజమాని యేటేట మాతో ననుచుండును.

ఇన్ని యుండియు మేము చిరకాలము ఈ యూరిని చిన్నచూపు చూచితిమి. బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లే. తెలివిగల పిల్లలు రైలెక్కి యటు పోవుదురు. పోయినవారు పండుగకు మాత్రము వత్తురు. మాకును అచ్చటి యొక బడిలో కొలువు దొరకునను నాశ యుండెను. దరఖాస్తు వ్రాసి బల్ల సొరుగులో నుంచుకొంటిమి. ఆ దినములలో జరిగినదొకటి చెప్పవలెను. చెప్పుట మాకు సులభము గాదు.

పదవ తరగతిలో ఒక బాలుడు మొదటి గంటలోనే నిద్రపోవుచుండెను. రెండు సారులు మందలించితిమి. మూడవసారి తరగతి యెదుట నిలువబెట్టి, "సోమరికి చదువెందుకు?" అంటిమి. పిల్లలు నవ్విరి. వాడు నవ్వలేదు, ఏడ్వలేదు. తల వంచుకొని కూర్చుండెను.

ఆ వారమే మల్బరీ సేద్యము చేయు మా బంధువొకడు పట్టుగూళ్లు అమ్మవచ్చి, తోడు రమ్మని మమ్ము పిలిచెను. గూళ్లు కోసిన పిమ్మట ఆలస్యము పనికిరాదు. లోపలి పురుగు రెక్కల పురుగై గూటిని ఛేదించుకొని వెలువడినచో దారము తెగిపోవును. ఆ గూటినుండి తెగని పట్టుదారము తీయలేరు. అందుచేత రైతులు రాత్రికి రాత్రి తెత్తురు. తెల్లవారకముందే మేము మార్కెట్టు చేరితిమి. బండ్లనుండి సంచులు దింపి, గూళ్లను తట్టలలో పోయుచున్న కూలివారి నడుమ మా విద్యార్థి కనబడెను. భుజముపై సంచి యుండగనే వాడు మమ్ము చూచి, "నమస్కారం సార్" అనెను. మా నోట మాట రాలేదు.

మరునాటినుండి వాడు బడికి రాలేదు. మూడవనాటి సాయంకాలము వాని యిల్లు వెదకికొని పోయితిమి. తల్లి గడపలో నిలిచి, "వాళ్ల నాయన మంచం పట్టినాడు సార్. వాడు మూడు గంటలకే లేచి పనికి పోతాడు. సోమరోడు కాదు సార్" అనెను. మేమన్న మాట ఆ యింటికి మాకంటె ముందే చేరియుండెను. చిన్న యూరిలో మాట కాళ్లు లేకయే నడచును.

మరునాడు వానిని వెంటబెట్టుకొని వచ్చి, తరగతి యెదుట మా తప్పు ఒప్పుకొంటిమి. ఏ చోట అవమానించితిమో ఆ చోటనే సరిదిద్దవలెనని తోచెను. ఈసారి యెవ్వరును నవ్వలేదు.

వాడు పది ముగించి, ఇంటరు ముగించి, ఇప్పుడు ఈ యూరి కళాశాలలోనే డిగ్రీ మూడవ సంవత్సరము చదువుచున్నాడు. పూర్వమైనచో ఇది సాధ్యమా యని ఆలోచింతుము. 1916లో అనంతపురమున ప్రభుత్వ కళాశాల వెలసినది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కొంతకాలము అందు బోధించిరి. నీలం సంజీవరెడ్డి గారు అందు చదివిరి. అది గొప్ప విద్యాలయమే. కాని హిందూపురమునకు నూరు కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. మంచము పట్టిన తండ్రిని, తెల్లవారుజామున దొరకు కూలిని విడిచి మా బాలుడు అంత దూరము పోగలిగియుండడు. ఊరిలో కళాశాల యుండుటచే ఉదయపు పని ముగించుకొని, సైకిలెక్కి పాఠమునకు పోగలుగుచున్నాడు. పోలేనివారి కొరకే చిన్న యూళ్లలో కళాశాలలు వెలసినవని మాకప్పుడు తెలిసినది. సొరుగులోని దరఖాస్తు చింపివేసితిమి.

విద్యార్థులారా! మీలో కొందరు ఈ సంవత్సరము బెంగుళూరు రైలెక్కుదురు. సంతోషముగా పొండు. కాని ఇచటనే నిలిచి చదువు మిత్రుని తక్కువగా నెంచకుడు. వాడు మోయు బరువు మీ సంచిలో లేదు. తలిదండ్రులారా! మీ బిడ్డ తరగతిలో కునికిన కారణము మాకు తెలియనిచో దయతో తెలుపుడు. మేమును ముందుగా అడిగి, పిమ్మట మందలించుట నేర్చుకొనుచున్నాము.

మొన్న బజారులో టమాటాలు బేరమాడుచుండగా వెనుకనుండి పరిచితమైన కంఠము వినబడెను. ఈసారి మేము బేరము మానలేదు. ఆ బాలుడే ముందుకు వచ్చి, మాకు రెండు రూపాయలు తగ్గించి యిప్పించెను.