రికార్డింగు తాళంచెవి ఎవరి చేతిలో?

ఇంట్లో హై డెఫినిషన్ టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకోదలచినవారు దుకాణంలో సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఆ పరికరంలో ఎన్ని గంటల రికార్డింగు పడుతుందన్నది. అన్నిటికన్నా తేలికగా తేలిపోయే ప్రశ్న అదే. పాత ప్రమాణంలో బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటే, హై డెఫినిషన్‌లో అవి 1920, 1080 అవుతాయి. అంటే మొత్తం చుక్కలు సరిగ్గా అయిదు రెట్లవుతాయి. అయితే ఆ బొమ్మను బాగా కుదించిన తరువాతనే ప్రసారం చేస్తారు. సెకనుకు ఎంత సమాచారం వస్తున్నదో చెప్పే కొలతను బిట్‌రేటు అంటారు. ఒక ఛానెల్ సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున వస్తున్నదనుకుంటే గంటకు 3.6 గిగాబైట్లు ఖర్చవుతాయి గనుక, 500 గిగాబైట్ల హార్డ్‌డిస్కులో 130 గంటలకు పైగా ఇముడుతుంది. ఒక కుటుంబం అవసరానికి అది ధారాళంగా సరిపోతుంది.

బొమ్మ నాణ్యత కోసం ఖరీదైన రికార్డరు కొనడంలో కూడా అర్థం లేదు. వీడియో క్యాసెట్ల కాలంలో ప్రతి నకలుకూ బొమ్మ కొంత మసకబారేది. సెట్‌టాప్ బాక్సులోని రికార్డరు బొమ్మను తిరిగి తయారు చేయదు. డిష్ నుంచి వచ్చిన అంకెల ప్రవాహాన్ని ఉన్నదున్నట్టు డిస్కు మీదికి రాస్తుంది గనుక, ప్రసారం ఎంత బాగుంటే రికార్డింగూ అంతే బాగుంటుంది. అసలు తేడా ట్యూనర్ల సంఖ్యలో వస్తుంది. ట్యూనరంటే వచ్చే సంకేతాల్లోంచి కావలసిన ఛానెల్‌ను ఏరి పట్టే భాగం. అది ఒక్కటే ఉన్న పెట్టెలో సీరియల్ రికార్డవుతుండగా మరో ఛానెల్లో క్రికెట్ చూడటం సాధారణంగా కుదరదు. రెండు ట్యూనర్ల పెట్టె తెచ్చినా డిష్ నుంచి ఒక్క వైరే దిగితే కష్టమే, ఎందుకంటే డిష్ ముందుండే ఎల్ఎన్‌బీ అనే గ్రాహకం పెట్టె పంపే 13 లేదా 18 వోల్టుల విద్యుత్తును బట్టి నిలువు తరంగాలనో అడ్డ తరంగాలనో, ఒక వైరులో ఒకసారికి ఒక్క రకాన్నే పంపుతుంది. మేడ మీద నుంచి రెండో వైరు లాగించే సంగతి పెట్టె కొనేనాడే ఆలోచించుకోవాలి.

ఇవన్నీ సర్దుకోగలిగిన విషయాలు, సర్దుకోలేనిది ఒకటుంది. చందా ఛానెళ్లన్నీ సంకేతభాషలోకి మార్చి ప్రసారం చేసినవే. చందాదారు పెట్టెలోని రహస్య సంఖ్య మాత్రమే వాటిని విప్పగలదు. రికార్డింగు కూడా ఆ పెట్టెకే పరిమితమైన సంకేతంతో డిస్కులో చేరుతుంది గనుక, పెట్టెకు తగిలించిన యూఎస్‌బీ హార్డ్‌డిస్కును కంప్యూటరుకు కలిపితే అందులో ఏమీ తెరుచుకోదు. పెట్టె పాడై కంపెనీవారు కొత్తది ఇచ్చారంటే పాత రికార్డింగులు సాధారణంగా అంతటితో సరి. చందా ఆగితే చాలా పెట్టెలు వాటిని చూపించవు. పెట్టె నుంచి టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ తీగలో నడిచే సంకేతానికీ హెచ్‌డీసీపీ అనే రక్షణ ఉంటుంది గనుక, మధ్యలో మరో రికార్డరును పెట్టే దారి కూడా మూసుకుపోయింది. బీరువా ఇంట్లోనే ఉన్నా తాళంచెవి కంపెనీ చేతిలో ఉన్నదన్నమాట.

ఈ ఏర్పాటును కేవలం దురాశగా కొట్టిపారేయడం న్యాయం కాదు. సినిమా హక్కుల కోసం కోట్లు పెట్టినవారికి నకళ్ల భయం నిజమైనదే. కానీ 1957 నాటి భారత కాపీరైటు చట్టపు 52వ సెక్షను వ్యక్తిగత వినియోగానికి న్యాయమైన మేరకు వెసులుబాటు ఇచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1984లో సోనీ బీటామాక్స్ కేసులో, తరువాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని తీర్పు చెప్పింది. చట్టం ఇచ్చిన చనువును యంత్రం ఇవ్వకపోవడం వీక్షకుడికి జరిగే నష్టమే. అమెరికాలో సాధారణ యాంటెన్నాతో అందుకునే హెచ్‌డీ ఛానెళ్లు చాలావరకు తాళం లేకుండా వస్తాయి గనుక వాటిని ట్యూనరు ద్వారా కంప్యూటరులోకే ఎక్కించుకోవచ్చు. మన డీడీ ఫ్రీడిష్‌లో తాళం లేని ఛానెళ్లు ఎన్నో ఉన్నా వాటిలో అధికభాగం పాత ప్రమాణానివే.

అందుచేత పరికరాన్ని ఎంచుకునేముందు రికార్డింగు దేనికోసమో తేల్చుకోవాలి. రాత్రి సీరియల్ను మర్నాడు చూసి చెరిపేసేవారికి కంపెనీ పెట్టే చాలు. దానికి ఇన్వర్టరు ఆధారం తప్పనిసరి, ఎందుకంటే డిస్కు మీద రాత సాగుతుండగా కరెంటు పోతే ఆ రికార్డింగే కాక డిస్కు కూడా దెబ్బతినవచ్చు. డీటీహెచ్ వాడుకునే కేయూ బ్యాండ్ తరంగాలను జోరువాన అడ్డుకుంటుంది గనుక, వానాకాలపు రికార్డింగుల్లో అక్కడక్కడ ఖాళీలు పడతాయి. కేబుల్ కనెక్షన్ ఉన్న ఇంట డిష్‌కు వచ్చే ఈ చిక్కు ఉండదు.

దాచుకోవాలనుకునేవారి సంగతి వేరు. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగా వంటి వేదికపై ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఎదుట పాడిన పిల్లల తల్లిదండ్రులకు ఆ కొద్ది నిమిషాల రికార్డింగు తరాలపాటు నిలవాలి. అటువంటివారికి పెట్టె వెనుక పసుపు, ఎరుపు, తెలుపు తీగలు తగిలించే పాత ఏవీ మార్గమే ఎక్కువ నమ్మదగినది. దాని ద్వారా పాత ప్రమాణపు బొమ్మే వస్తుంది, కానీ చాలా పెట్టెల్లో ఆ మార్గానికి తాళం ఉండదు. చవకైన వీడియో క్యాప్చర్ పరికరంతో కంప్యూటరులోకి ఎక్కించి రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచితే, పెట్టె మారినా చందా ఆగినా ఆ పాట వినబడుతుంది.