వజ్రమును కొనుటకు ముందు

వివాహము నిశ్చయమైన యింట బంగారము కొనునప్పుడు మన పెద్దలు పూర్వము గీటురాతిపై గీయించి చూచెడివారు. నేడు హాల్‌మార్కు ముద్రను వెదకి చూచుచున్నారు. కాని రవ్వల దుద్దులో ముక్కుపుడకయో కొనునప్పుడు మాత్రము పెక్కుమారులు అంగడివాని మాటయే ప్రమాణమగుచున్నది. పలు సంవత్సరములు కూడబెట్టిన ధనము ఒక్క పూటలో చేయి మారు సమయమున ఇట్టి యేమఱుపాటు తగదు. కావున వజ్రముల తరగతులను గూర్చియు, వాని పరీక్షాపత్రములను గూర్చియు ఇందు కొంత వ్రాయ దలచితిమి.

వజ్రపరీక్ష మనవారికి క్రొత్తది కాదు. గోలకొండ రాజ్యమందలి ప్రసిద్ధమైన కొల్లూరు గని కృష్ణాతీరముననే యుండెను. తొలకరి వానలు కురియగనే వజ్రకరూరు, జొన్నగిరి ప్రాంతముల చేలలో జనులు నేటికిని రాళ్లు వెదకుచుందురు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక యధ్యాయమునే యేర్పఱచి, కాకిపాదము, ఈగ, వెండ్రుక వంటి గుర్తులను దోషములుగా నెన్నెను. అయినను ఒక వర్తకుడు మేలిరకమన్న రాతిని మఱియొకడు మధ్యమమన్నచో, ఇరువురకు సమ్మతమైన కొలమానము లేకుండెను. 1931వ సంవత్సరమున రాబర్ట్ షిప్లీ అనునాయన అమెరికాలో జి.ఐ.ఏ. అను రత్నశాస్త్ర సంస్థను స్థాపించెను. 1950 తరువాత ఆ సంస్థ యేర్పఱచిన తరగతులే నేడు పలుదేశముల వ్యవహారమున నున్నవి. వాని ననుసరించి వజ్రమును బరువు, రంగు, నిర్మలత్వము, సాన అను నాలుగు విషయములందు పరీక్షింతురు.

మొదటిది బరువు. క్యారెట్టనగా 200 మిల్లీగ్రాములు. అనగా అయిదు క్యారెట్లు ఒక గ్రాము. 22 క్యారెట్ల బంగారమన్నప్పుడు ఆ మాట స్వచ్ఛతను తెలుపును. వజ్రమునం దది బరువును మాత్రమే తెలుపును. ఈ రెంటిని కలిపి భ్రమపడువారు పెక్కురు. మఱియు గుణములు సమానమైనను రెండు క్యారెట్ల రాయి వెల ఒక క్యారెట్టు రాతి వెలకు రెట్టింపుతో ఆగదు. పెద్ద రాళ్లు అరుదు గనుక అంతకంటె హెచ్చును.

రెండవది రంగు. వర్ణరహితమైన రాయి 'డి' తరగతికి చెందును. అక్కడినుండి పసుపు లేక గోధుమ ఛాయ క్రమముగా హెచ్చి 'జడ్' వరకు పోవును. ప్రక్కప్రక్క అక్షరముల భేదము సామాన్యుల కంటికి అందునది కాదు. పసిడిలో పొదిగిన పిమ్మట మఱియు కష్టము. అందుచేతనే పొదుగని రాతిని మాదిరి రాళ్లతో పోల్చి నిర్ణయింతురు.

మూడవది నిర్మలత్వము. పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దముతో చూచి, 11 మెట్లలో నొకదానియందు రాతిని నిలుపుదురు. పైమెట్ల నడుమ భేదము అద్దమునకే గాని కంటికి కనబడదు. కంటికి కనబడని భేదమునకు ఎంత ధనము వెచ్చింపవలెనో కొనువాడే యోచించుకొనవలెను.

నాలుగవది సాన. తక్కిన మూడును చాలవఱకు ప్రకృతి యిచ్చినవి. ఇది మనుష్యుని పనితనము. పైనుండి చొచ్చిన వెలుగు అడుగు పలకలపై తగిలి మరల కంటికి రావలెను. రాయి మిక్కిలి లోతైనను, మిక్కిలి పలుచనైనను వెలుగు క్రిందికి జాఱిపోవును. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఈ కొలతలను గణితముచే విచారించెను. నేడు ప్రపంచమందలి వజ్రములలో అధికభాగము మన దేశమందలి సూరతునందే సానపట్టబడుచున్నది.

ఇక పత్రమును గూర్చి. అమ్మువాడే వ్రాసి యిచ్చిన కాగితము వేఱు. అమ్మకముతో సంబంధములేని పరీక్షాశాల యిచ్చు పత్రము వేఱు. పత్రముపై నొక సంఖ్య యుండును. పెక్కు రాళ్ల నడుము అంచున అదే సంఖ్య సూక్ష్మముగా చెక్కబడియుండును. భూతద్దమడిగి ఆ రెంటిని సరిచూచుకొనవలెను. పరీక్షాశాలవారి వెబ్‌సైటునందును పోల్చుకొనవలెను. రాయి భూగర్భమున పుట్టినదా, యంత్రశాలలో పెంచినదా యనునది తప్పక చూడవలెను. 1954లోనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారు వజ్రమును చేయగలిగిరి. అట్టిదియు గాజు కాదు, నిజమైన వజ్రమే. కాని వెల మిక్కిలి తక్కువ. దాని భేదమును కన్నుచూపుతో తెలియజాలము. పగుళ్లు పూడ్చుట, రంగు మార్చుట వంటి చికిత్స లేవైన జరిగినవా యనియు విచారింపవలెను. హాల్‌మార్కు బంగారమునకు సాక్ష్యమే గాని అందు పొదిగిన రాతికి కాదు. చిన్న రవ్వలకు ఒక్కొక్కదానికి పత్రము తెచ్చుట వ్యయమునకు తగదు గనుక, వాని మొత్తము బరువును, తరగతిని, పుట్టుకను బిల్లుపై వ్రాయించుకొనుట మేలు.

పత్రము రాతి వెలను చెప్పదు, రాతిని పొగడదు, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పును. కొల్లూరు గనిలో పుట్టినదని తలచబడు హోప్ వజ్రము 1958 నుండి వాషింగ్టన్ నగరమందలి స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో నున్నది. 45.52 క్యారెట్ల ఆ నీలవజ్రమును 1988లో పరీక్షించి, దాని నిర్మలత్వమును వి.ఎస్.1 అని వ్రాసిరి. అది దోషరహితమనెడి మెట్టు కాదు. లోకప్రసిద్ధమైన రత్నమునకు సైతము పరీక్ష తప్పలేదు, దోషము దాచబడలేదు, దాని గౌరవమును తగ్గలేదు.

సువార్తయందలి ముత్యముల వర్తకుడు తనకున్నదంతయు అమ్మి ఒక ముత్యమును కొనెను. అతడు ముత్యముల నెఱిగినవాడు గనుకనే అట్లు చేసెనని మేము తలంతుము. ప్రియ విద్యార్థులారా! ఈ పత్రములు సాధారణముగా ఆంగ్లమున నుండును. మీ తల్లిదండ్రులు అంగడికి పోవునప్పుడు మీరును వెంటనేగి, పత్రమునందలి ప్రతి పంక్తిని వారికి తెలుగున చదివి వినిపింపుడు. తెలియనిదానిని అడుగుటకు సిగ్గుపడనీయకుడు. మీ చదువు వలన ఇంటివారి కష్టార్జితము కాపాడబడినచో, ఆ చదువునకు అంతకంటె మంచి పత్రము వేఱొండు లేదు.